ట్యాంకు నిండా నీళ్లున్నా షవర్‌లో ధార ఎందుకు సన్నగా వస్తుంది? ప్రెషర్, ఫ్లో, గీజర్ల అసలు లెక్క

చలి మొదలైందంటే హన్మకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల్లో ప్లంబర్లకు చేతినిండా పని. ఫిర్యాదులు కూడా ఏటా దాదాపు అవే. గీజర్ కొత్తదే, అయినా వేడినీళ్లు సన్నగా వస్తున్నాయి. కింది పోర్షన్‌లో నల్లా విప్పితే పైన షవర్ నీరసపడుతోంది. ఎండాకాలంలో కాలిపోయేంత వేడిగా ఇచ్చిన ఇన్‌స్టంట్ గీజర్ ఇప్పుడు గోరువెచ్చగా కూడా ఇవ్వట్లేదు. అన్నిటికీ దుకాణంలో దొరికే జవాబు ఒక్కటే: "ప్రెషర్ పంపు పెట్టుకోండి సార్, అన్నీ సెట్ అయితయి."

కొన్ని ఇళ్లలో నిజంగానే సెట్ అవుతాయి. కొన్ని ఇళ్లలో పంపుకు డబ్బు పోసి, దాని చప్పుడు భరిస్తూ, అదే సన్నధారతో స్నానం చేస్తుంటారు. తేడా ఎక్కడ వస్తోందంటే, ఫోర్సు లేదు అన్నప్పుడు అసలు తక్కువైంది ఒత్తిడా, పైపు లావా, లేక గీజర్‌కు చేతకాని పనా అన్నది ఎవరూ విడదీసి చూడరు. మూడూ వేర్వేరు జబ్బులు, మందు ఒకటి కాదు. ఇందులో పెద్ద ఇంజనీరింగ్ ఏమీ లేదు, ఎనిమిదో తరగతి గుణకారాలు వస్తే చాలు.

ఒత్తిడిని ఇచ్చేది ఎత్తు, ధారను చెప్పేది బకెట్

ప్రెషర్ అంటే నీళ్లను వెనకనుంచి నెట్టే ఒత్తిడి. మన ఇళ్లలో దీన్ని ఇచ్చేది డాబా మీద ట్యాంకు ఎత్తే. ట్యాంకులో నీటిమట్టానికీ, నీళ్లు బయటపడే చోటికీ మధ్య నిలువుగా ఎంత తేడా ఉంటే అంత ఒత్తిడి. 10 మీటర్లకు, అంటే దాదాపు 33 అడుగులకు, ఒక బార్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) వస్తుంది. ట్యాంకు 500 లీటర్లదా 2000 లీటర్లదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. పెద్ద ట్యాంకు పెట్టినా ఫోర్సు రాలేదని బాధపడేవాళ్లు చాలామంది. పెద్ద ట్యాంకుతో నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, అంతేగానీ గట్టిగా రావు.

ఫ్లో అంటే నిమిషానికి ఎన్ని లీటర్లు బయటికొస్తున్నాయన్న లెక్క. దీనికి మీటరు అక్కర్లేదు. 15 లీటర్ల బకెట్ నిండటానికి నిమిషంన్నర పడితే మీ నల్లా నిమిషానికి 10 లీటర్లు ఇస్తోందన్నమాట. మూడు నిమిషాలు పడితే 5. ఎంత ఉంటే సరిపోతుందని అడిగితే, అమెరికాలో షవర్లకు ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితే నిమిషానికి 2.5 గ్యాలన్లు, అంటే సుమారు 9.5 లీటర్లు. కాబట్టి 8 నుంచి 10 లీటర్లు వచ్చే షవర్ మీద ఫిర్యాదు అక్కర్లేదు. నాలుగు లీటర్లకు పడిపోతే మాత్రం తలమీద షాంపూ పోదు.

ఈ రెండూ ఒకటి కావనడానికి రుజువు మూసి ఉన్న నల్లానే. నల్లా కట్టేసి ఉన్నప్పుడు పైపులో ఒత్తిడి నిండుగా ఉంటుంది, ఫ్లో సున్నా. నల్లా విప్పగానే నీళ్లు కదులుతాయి, కదిలేకొద్దీ ఆ ఒత్తిడి దారిలో ఖర్చవుతుంది, చివరికి మిగిలినదే షవర్‌కు అందుతుంది. అందుకే నల్లాలన్నీ మూసి గేజీ (ఒత్తిడి చూపే మీటరు) పెట్టి "ప్రెషర్ బాగానే ఉంది సార్" అని ఎవరైనా అంటే, ఆ మాట అబద్ధం కాదు, కానీ మీ సమస్యకు జవాబూ కాదు.

మూడంతస్తుల ఇంట్లో ఎవరికెంత

హన్మకొండలో ఇప్పుడు కడుతున్న మామూలు ఇల్లే తీసుకుందాం. కింద ఒకటి, పైన రెండు అంతస్తులు, ఒక్కో అంతస్తు 10 అడుగులు, డాబా మీద 3 అడుగుల దిమ్మెపై ట్యాంకు. షవర్ నేలనుంచి 7 అడుగుల ఎత్తులో ఉంటుంది.

పై అంతస్తు షవర్‌కూ ట్యాంకు అడుక్కూ మధ్య తేడా 6 అడుగులే. అంటే 0.18 బార్. మధ్య అంతస్తుకు 16 అడుగులు, దాదాపు అర బార్. కింది అంతస్తుకు 26 అడుగులు, 0.8 బార్ దగ్గర. ఓనర్లు గాలీ వెలుతురూ బాగుంటాయని పై అంతస్తు తమకు ఉంచుకుని కింద కిరాయికి ఇస్తారు, షవర్ సుఖం మాత్రం కిరాయిదారుకే దక్కుతుంది.

ఒత్తిడి నాలుగోవంతుకు పడిపోతే ధార కూడా నాలుగోవంతు అవుతుందా అంటే, కాదు. ఫ్లో దాదాపుగా ఒత్తిడికి వర్గమూలం లెక్కన తగ్గుతుంది. పైపులు ఒకే తీరుగా ఉన్నాయనుకుంటే, కింద నిమిషానికి 12 లీటర్లు వచ్చే చోట పైన సుమారు 6 వస్తాయి. నాలుగోవంతు ఒత్తిడికి సగం ధార. ఇదే లెక్క తిప్పి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది: ధార రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి.

ట్యాంకు నిండుగా ఉందా అడుగంటిందా అన్నది కూడా పై అంతస్తుకే తెలుస్తుంది. ట్యాంకులో 4 అడుగుల నీళ్లుంటే పై షవర్‌కు 6 బదులు 10 అడుగులు దక్కుతాయి, ధార మూడోవంతు పెరుగుతుంది. కింది అంతస్తుకు 26కూ 30కీ తేడా పెద్దగా తెలియదు.

దారిలో పైపు ఎంత తింటుంది

నీళ్లు పైపు గోడలకు రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడికి ఎత్తు ఖర్చవుతుంది. ఎంత ఖర్చవుతుందన్నది పైపు లావును బట్టి ఎంత దారుణంగా మారుతుందో చాలామందికి తెలియదు, తెలిస్తే అర ఇంచు పైపుతో ఇల్లంతా చుట్టరు.

మొదట ఒక చిన్న విషయం. సీపీవీసీలో, అంటే ఇళ్లలో నీళ్ల లైన్లకు వాడే ప్లాస్టిక్ పైపుల్లో, అర ఇంచు పైపు అని అమ్మేదాని లోపలి రంధ్రం నిజానికి అర ఇంచు కూడా ఉండదు, గోడ మందాన్ని బట్టి 12 నుంచి 13 మిల్లీమీటర్లు. ముప్పావు ఇంచుది 18 దగ్గర, ఇంచుది 23 దగ్గర ఉంటాయి. ఇప్పుడు 10 మీటర్ల తిన్నటి పైపులో నిమిషానికి 15 లీటర్లు పంపాలనుకోండి. అర ఇంచు పైపులో రాపిడికే దాదాపు 4 మీటర్ల ఎత్తు, అంటే 13 అడుగులు పోతుంది. ముప్పావు ఇంచులో 2 అడుగుల పైచిలుకు. ఇంచు పైపులో ఒక అడుగు కూడా పోదు.

పై అంతస్తు వాళ్ల దగ్గర ఉన్నదే 6 అడుగులు. 13 అడుగులు ఖర్చయ్యే దారిలో ఆ 15 లీటర్లు ఎట్లా వస్తాయి? రావు. ఉన్న ఎత్తుకు సరిపడేంతవరకు ధార తగ్గిపోతుంది, 10 లీటర్లో ఇంకా తక్కువో అయి అక్కడ కుదురుకుంటుంది. దీన్ని నీళ్లు తక్కువయ్యాయని అంటాం గానీ, ట్యాంకులో నీళ్లకేం తక్కువలేదు.

అసలు సూత్రం ఏమిటంటే, వ్యాసం రెట్టింపైతే రంధ్రం వైశాల్యం నాలుగింతలవుతుంది, అది అందరికీ తెలిసిందే, కానీ రాపిడి కూడా తగ్గుతుంది కాబట్టి అదే ఎత్తుకు వచ్చే ధార ఆరింతల దాకా పెరుగుతుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు లోపల తుప్పు, గార పేరుకుని 15 మిల్లీమీటర్ల రంధ్రం 10కి కుంచించుకుపోతే, ధార మూడోవంతే మిగులుతుంది. బయటనుంచి చూస్తే పైపు మందంగా, దృఢంగానే కనిపిస్తుంది.

పైపు ఒక్కటే కాదు, మలుపులూ వాల్వులూ ఉన్నాయి. అర ఇంచు లైన్‌లో ఒక్కో ఎల్బో (మలుపు దగ్గర వేసే ముక్క) దాదాపు 40 సెంటీమీటర్ల అదనపు పైపుతో సమానం. బాత్రూం గోడలో దాగి ఉన్న ఎనిమిది ఎల్బోలు కలిస్తే 3 మీటర్ల పైపు అదనంగా వేసినట్టే. వాల్వుల మధ్య తేడా ఇంకా పెద్దది. లివర్ తిప్పే ఫుల్‌బోర్ బాల్ వాల్వు పూర్తిగా తెరిస్తే దాదాపు అడ్డే ఉండదు. చుట్లు చుట్లుగా తిప్పే పాతరకం స్టాప్‌కాక్‌లో నీళ్లు రెండుసార్లు మెలికతిరిగి పోవాలి, పూర్తిగా తెరిచినా అది సుమారు 5 మీటర్ల అర ఇంచు పైపంత అడ్డు. చూడటానికి రెండూ అరచేతిలో పట్టే సామాన్లే.

ఇక కంటికి కనిపించే దొంగ ఒకటుంది. నల్లా మూతిదగ్గర తిప్పితే ఊడివచ్చే జాలీ. దాన్ని విప్పి తెల్ల కాగితం మీద దులిపితే ఎర్రటి ఇసుక రేణువులు, పీవీసీ కోసినప్పటి రజను, టెఫ్లాన్ టేపు పోగులు, వాటి చుట్టూ సున్నంలా గట్టిపడిన తెల్లటి పెచ్చు కనిపిస్తాయి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్న కాలనీల్లో ఈ పెచ్చు తొందరగా కడుతుంది. ఇల్లంతటిలో ఒక్క నల్లాకే ధార తగ్గిందంటే నూటికి తొంభైసార్లు కథ అక్కడే ముగుస్తుందని నా అనుమానం, పైపుల లెక్కదాకా పోనక్కర్లేదు.

"పైపు సన్నగ చేస్తె ఫోర్సు పెరుగుతది సార్"

ఈ మాట చాలామంది మేస్త్రీలు అంటారు, దాన్ని కొట్టిపారేయడం సరికాదు, ఎందుకంటే కంటికి అట్లాగే కనిపిస్తుంది. చెట్లకు నీళ్లుపట్టే పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి. మరి సన్నగా చేస్తే ఫోర్సు పెరిగినట్టే కదా?

వేలు పెట్టింది చివర్లో అన్నదే ఇక్కడ కీలకం. వేలు అడ్డంపెట్టగానే మొత్తం ఫ్లో తగ్గుతుంది. ఫ్లో తగ్గితే వెనకాల పొడవాటి పైపులో రాపిడి ఖర్చు తగ్గుతుంది, చివరిదాకా ఎక్కువ ఒత్తిడి మిగులుతుంది, అది ఆ చిన్న సందులోంచి వేగంగా బయటపడుతుంది. వేగం పెరిగింది, లీటర్లు తగ్గాయి. బకెట్ పెట్టి చూస్తే వేలు తీసినప్పుడే తొందరగా నిండుతుంది.

అదే సన్నదనాన్ని చివర్లో కాకుండా పొడవునా పెడితే, అంటే ట్యాంకునుంచే అర ఇంచు పైపు దింపితే, దారిలోనే ఖర్చంతా అయిపోయి చివర్లో వేగమూ ఉండదు, లీటర్లూ ఉండవు. కాబట్టి మేస్త్రీ మాటలో సగం నిజముంది. చిన్న చిన్న రంధ్రాలున్న షవర్‌హెడ్ తక్కువ నీళ్లతోనే సూదుల్లా గుచ్చుతుంది, పళ్లెమంత వెడల్పు రెయిన్ షవర్ అదే లైన్‌మీద బొట్లు రాలుస్తుంది. ఆ పెద్ద షవర్ల డబ్బామీద కనీస ప్రెషర్ ఒక బార్ అనో ఇంకా ఎక్కువో రాసి ఉండటం మామూలే. మన పై అంతస్తులో ఉన్నది 0.18. షోరూంలో దాన్ని పంపుకు తగిలించి చూపిస్తారు.

ట్యాంకు ఎత్తాలా, పైపు మార్చాలా, పంపు పెట్టాలా

ఇక్కడ ఎవరి వాదన వాళ్లకుంది.

ట్యాంకు ఎత్తాలనే వాళ్లు చెప్పేది: కరెంటు అక్కర్లేదు, చెడిపోయేది ఏమీ లేదు. నిజమే. 3 అడుగుల దిమ్మెను 8 అడుగులు చేస్తే పై షవర్‌కు 6 బదులు 11 అడుగులు వస్తుంది, ధార దాదాపు 40 శాతం పెరుగుతుంది. కింది అంతస్తుకు 10 శాతం లోపే. కానీ 1000 లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు, దాన్ని మోసే పిల్లర్ల మీదే నిలపాలి, స్లాబు మధ్యలో ఇటుక దిమ్మెలు లేపి పెడితే కుదరదు. గాలివానకు కూడా తట్టుకోవాలి.

పైపు, పంపు మధ్య పోటీని అంకెల్లో చూద్దాం. 10 మీటర్ల అర ఇంచు లైన్, ఉన్న ఎత్తు 2 మీటర్లు అనుకుంటే, పైపు రాపిడిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే నిమిషానికి 10 లీటర్లు. దీనికి 15 మీటర్ల ఒత్తిడి జతచేసే పంపు పెడితే 30 లీటర్లు దాటుతుంది. పంపు లేకుండా అదే లైన్‌ను ముప్పావు ఇంచుకు మారిస్తే సుమారు 27. రెండూ దాదాపు ఒకే చోటికి చేరాయి. కాకపోతే మొదటిదాంట్లో నీళ్లు సెకనుకు 4 మీటర్ల పైగా పరుగెత్తుతాయి. ఇళ్లలో సాధారణంగా 2 మీటర్లు దాటకుండా చూస్తారు, దాటితే పైపు మోత మోగుతుంది, నల్లా టక్కున మూసినప్పుడు గోడలో ధబ్‌మని దెబ్బ వినిపిస్తుంది. పంపు తెచ్చిన ఒత్తిడిలో ఎక్కువభాగం ఆ సన్నపైపు రాపిడికే ధారపోసినట్టు. వాల్వులు, ఎల్బోలు, మిక్సర్ (వేడి, చల్లనీళ్లు కలిపి ఇచ్చే నల్లా) కలిపితే అసలు అంకెలు ఇంకా తగ్గుతాయి, రెండింటి మధ్య పోలిక మాత్రం అదే.

అట్లాగని పంపు దండగ అనలేం. టైల్స్ వేసిన బాత్రూం గోడలు పగలగొట్టి పైపులు మార్చమంటే ఎవరు సిద్ధపడతారు? డాబా మీద వేసుకున్న పెంట్‌హౌస్‌కు పైపు ఎంత లావు పెట్టినా ఎత్తే లేదు, అక్కడ పంపు తప్ప గతిలేదు. కొత్తగా కట్టే ఇంట్లో మాత్రం పైపు మార్చే ఖర్చు నామమాత్రం, అప్పుడు పొదుపు చేసి తర్వాత పంపు కొనడం నాకైతే అర్థంలేని పని అనిపిస్తుంది. పంపు పెట్టాక ఇంకో చిక్కుంది: పాత జీఐ లైన్‌లో ఇన్నాళ్లూ తక్కువ ఒత్తిడిమీద నెట్టుకొచ్చిన జాయింట్లు కారడం మొదలుపెడతాయి. కరెంటు పోయినప్పుడు నీళ్లు పంపును తప్పించుకుని పోయే బైపాస్ లేకపోతే, ఉన్న ఆ 10 లీటర్లు కూడా రావు.

కింద నల్లా విప్పితే పైన షవర్ పడిపోవడం వేరే వ్యవహారం. ట్యాంకునుంచి దిగే ఒకే పైపు అందరికీ పంచుతుంటే, ఇద్దరు ఒకేసారి వాడినప్పుడు ఆ ఉమ్మడి ముక్కలో ఫ్లో రెట్టింపవుతుంది, రాపిడి ఖర్చు మూడున్నర రెట్లు పెరుగుతుంది. అసలే 6 అడుగులతో బతుకుతున్న పై అంతస్తుకు అందులో ఏమీ మిగలదు. ట్యాంకునుంచి దిగే మొదటి ముక్క లావుగా ఉంటే, లేదా పై అంతస్తుకు విడిగా లైన్ ఉంటే ఈ గొడవ ఉండదు.

వీధి నల్లా సంగతి

వరంగల్‌కు ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల్లో నిల్వచేసిన నీళ్లు ఫిల్టర్ బెడ్లలో శుద్ధయి, ఎత్తైన ట్యాంకుల నుంచి కాలనీలకు వస్తాయి. మిషన్ భగీరథ పెట్టుకున్న లెక్క ప్రకారం మనిషికి రోజుకు పల్లెల్లో 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150. ఐదుగురున్న ఇంటికి 750 లీటర్లు. రోజంతా వచ్చే నల్లా అయితే నిమిషానికి అర లీటరు చాలు. రోజుకు గంటే వస్తే నిమిషానికి 12.5 లీటర్లు కావాలి. రోజు విడిచి రోజు గంట వస్తే 25. అర ఇంచు కనెక్షన్‌తో అంత రావాలంటే వీధి లైన్‌లో మంచి ఒత్తిడి ఉండాలి, అది గుట్టవైపు కాలనీల్లోనూ లైన్ చివరి ఇళ్లలోనూ దొరకడం కష్టం. అందుకే జనం నల్లాకే మోటరు బిగిస్తారు. నిబంధనలు ఒప్పుకోవు, పక్కింటి వాటా లాగేసినట్టే అవుతుంది, పైగా గుంజినప్పుడు లైన్ పగుళ్లలోంచి బయటి మురుగు లోపలికి వస్తుంది. సంపులోకి దానంతట అది పడనిచ్చి, సంపునుంచి మోటరు నడపడంలో ఈ తంటా లేదు.

గీజర్ దగ్గర లెక్క మారుతుంది

చల్లనీళ్లకు ఫ్లో ఎక్కువైతే సంతోషమే. వేడినీళ్ల దగ్గర అదే శత్రువవుతుంది. ఒక కిలోవాట్ వేడి, నిమిషానికి ఒక లీటరు నీటిని 14.3 డిగ్రీలు పెంచుతుంది. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ అయితే 43. ఈ 43ను లీటర్లకూ డిగ్రీలకూ పంచుకోవాలి, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాల్సిందే.

జనవరి తెల్లవారుజామున డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు 18 డిగ్రీలున్నాయనుకుందాం. స్నానానికి 40 కావాలి. పెంచాల్సింది 22. 43ను 22తో భాగిస్తే నిమిషానికి 2 లీటర్లు కూడా రావు. మే నెలలో అవే నీళ్లు 30 డిగ్రీలుంటే పెంచాల్సింది 10, అప్పుడు 4.3 లీటర్లు. ఒకటే గీజర్, ఒకటే కరెంటు, చలికాలంలో సగం పని చేసినట్టు కనిపిస్తుంది. గీజర్ పాడైందని కంపెనీవాళ్లను పిలిచేముందు ఈ భాగహారం చేస్తే చాలు. ఎవరైనా పంపు పెట్టి దానిలోంచి 6 లీటర్లు తోశారంటే పెరిగేది 7 డిగ్రీలే, ధార బ్రహ్మాండంగా ఉంటుంది, నీళ్లు చల్లగా ఉంటాయి.

ఇన్‌స్టంట్ గీజర్‌లో 3 లీటర్ల చిన్న ట్యాంకు కూడా ఉంటుంది కాబట్టి మొదటి చెంబులు బాగా కాలతాయి. 20 డిగ్రీల నీళ్లతో లెక్కేస్తే, 60కి కాగిన ఆ 3 లీటర్లు చల్లనీళ్లతో కలిస్తే 40 డిగ్రీల నీళ్లు 6 లీటర్లు. ఇరవై లీటర్ల బకెట్‌లో మిగతా 14 లీటర్లకు ఆరున్నర నిమిషాలు ఆగాల్సిందే. ఆగకుండా నల్లా పూర్తిగా విప్పేవాళ్లకే గోరువెచ్చటి బకెట్.

స్టోరేజీ గీజర్ వేరే పద్ధతి. ముందే కాచి పెట్టుకుంటుంది కాబట్టి ఫ్లో ఎంతున్నా వేడి తగ్గదు, తొందరగా అయిపోతుంది. 60 డిగ్రీల 15 లీటర్లు, 20 డిగ్రీల నీళ్లతో కలిపితే 40 డిగ్రీలవి 30 లీటర్లు. ఎనిమిది లీటర్ల షవర్‌కు నాలుగు నిమిషాల లోపే. 25 లీటర్ల గీజర్‌కు ఆరు నిమిషాలు. మళ్లీ కాగడానికి 2 కిలోవాట్ల గీజర్‌లో 15 లీటర్లకు 20 నిమిషాల పైనే పడుతుంది, ముప్పావు యూనిట్ లోపు కరెంటు. నలుగురు వరసగా బడికీ ఆఫీసుకూ పరుగెత్తే ఇంట్లో గొడవలు ఇక్కడే పుడతాయి.

గ్యాస్ గీజర్ మీద రాసిన 6 లీటర్లు ట్యాంకు సైజు కాదు, నిమిషానికి ఇచ్చే ధార, అదీ సాధారణంగా 25 డిగ్రీల పెంపుకు. అంటే 10 కిలోవాట్లకు పైగా వేడి, అందుకే ధార బాగుంటుంది. కానీ నీళ్ల ఒత్తిడి తగినంత తగిలితేనే అందులో మంట అంటుకుంటుంది. పై అంతస్తులో ట్యాంకు కిందే బిగించి, అంటుకోవట్లేదని బ్యాటరీ సెల్‌లు మార్చేవాళ్లున్నారు. గాలాడని బాత్రూంలో మాత్రం దాన్ని పెట్టకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

 

ఇక చల్లనీళ్లు దండిగా, వేడినీళ్లు సన్నగా ఎందుకు? గీజర్‌లోంచి వేడినీళ్లు రావాలంటే కిందినుంచి చల్లనీళ్లు లోపలికి వెళ్లి వాటిని పైకి తోయాలి. అంటే వేడినీళ్ల దారిలో యాంగిల్ కాక్, వంగే స్టీలు గొట్టం, స్ప్రింగున్న సేఫ్టీ వాల్వు, మళ్లీ ఇంకో గొట్టం అన్నీ అదనం. ఆ వంగే గొట్టాన్ని విప్పి చివర చూడండి. బయట అల్లిన స్టీలు తీగ లావుగా ఉంటుంది, లోపల నీళ్లుపోయే రబ్బరు రంధ్రం చాలావాటిలో 8 మిల్లీమీటర్ల దగ్గరే. ఒకటిన్నర అడుగు గొట్టం 4 మీటర్ల అర ఇంచు పైపంత అడ్డు, రెండు గొట్టాలకు 8 మీటర్లు. గీజర్‌ను తిట్టేముందు వాటిని చూడాలి.

సోలారూ పంపూ ఒకే ఇంట్లో ఉంటే

డాబా మీది వాక్యూం ట్యూబుల సోలార్ వాటర్ హీటర్ చాలావరకు ఒత్తిడి లేని రకం. గొట్టాల్లో వేడెక్కిన నీళ్లు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లవి దిగుతాయి, మోటరు అక్కర్లేదు. ఆ ట్యాంకుకు గాలి పోయే పైపు ఒకటి తెరిచే ఉంటుంది. చల్లనీళ్ల లైన్‌కు మాత్రం ప్రెషర్ పంపు పెట్టారనుకోండి. మిక్సర్‌లో ఒకవైపు ఒకటిన్నర బార్ చల్లనీళ్లు, ఇంకోవైపు 0.2 బార్ వేడినీళ్లు. చల్లనీళ్లు వేడి లైన్‌లోకే ఎదురెక్కి, సోలార్ ట్యాంకు నిండి, గాలిపైపులోంచి డాబా మీద కారతాయి. సోలార్ పనిచేయట్లేదంటారు, అది శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది. నాన్ రిటర్న్ వాల్వు బిగిస్తే ఎదురెక్కడం ఆగుతుంది, కానీ బలహీనమైన వేడినీళ్లు మిక్సర్‌లోకి రాలేకపోవడం అట్లాగే ఉంటుంది. రెండు లైన్లకూ సమాన ఒత్తిడి ఉండేట్టు చూడటం ఒక దారి, ఒత్తిడి తట్టుకునే రకం సోలార్ కొనడం ఇంకో దారి, రెండోది ఖరీదెక్కువ.

లావు పైపుకు కూడా ఒక నష్టముంది

ఇంతసేపూ లావు పైపు మేలని చెప్పాక, వేడి లైన్‌కు వచ్చేసరికి మాట కొంచెం మార్చాలి. ముప్పావు ఇంచు పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి, అర ఇంచులో అందులో సగం. డాబామీది సోలార్ నుంచి కింది బాత్రూందాకా 15 మీటర్ల ముప్పావు లైన్ ఉంటే, రాత్రంతా చల్లబడిన 4 లీటర్ల దాకా నీళ్లు పోయాకే వేడివి వస్తాయి. అర ఇంచులో 2 లీటర్ల లోపే. నిమిషానికి 4 లీటర్ల ధారకు ఒకరికి నిమిషం ఎదురుచూపు, ఇంకొకరికి అర నిమిషం. అందుకే బాత్రూంలోనే గీజర్ ఉంటే దాని నుంచి మిక్సర్‌దాకా ఉండే రెండు మూడు మీటర్లకు అర ఇంచు చాలనేవాళ్ల మాట సబబే. పైనుంచి దిగే పొడుగు లైన్‌కు మాత్రం కింది అంతస్తులో అర ఇంచు సరిపోవచ్చు, అక్కడ ఎత్తుకు కొదవలేదు. పై అంతస్తులో ఆ పొదుపు పనికిరాదు, లైన్ కూడా ఎట్లాగూ పొట్టిదే.

షవర్ కింద నిలబడి వణుకుతూ ఎదురుచూసేవాళ్లకే ఈ నాలుగు లీటర్ల బాధ. బకెట్ పెట్టి పట్టుకునేవాళ్లకు అవి అడుగున పడతాయి, మీద 60 డిగ్రీలవి పడితే ఎట్లాగూ చల్లనీళ్లు కలపాల్సిందే కాబట్టి, ఒక్క చుక్క వృథా కాదు.